‘యేసయ్యా’ అనే పిలుపు: కొత్త క్రైస్తవ గీతాల్లో విశ్వాసం పలికే తీరు

చెన్నైలో పెరంబూరు రైల్వే క్వార్టర్సుకు కొంచెం అవతల మా తెలుగు క్రైస్తవ సంఘం ఉంది. శనివారం సాయంత్రం ఆరు దాటాక అక్కడ మరునాటి ఆరాధన కోసం పాటల సాధన మొదలవుతుంది. కీబోర్డు వాయించే కుర్రవాడికి సి మేజరు స్కేలు ఒక్కటే చేతికి బాగా పట్టుబడింది. మిగిలిన శ్రుతులన్నిటికీ అతడు, ఒక్క నొక్కుతో శ్రుతిని మార్చే ట్రాన్స్‌పోజ్ మీటనే నమ్ముకుంటాడు. పాడే పిల్లల్లో చాలామంది ఈ ఊళ్ళోనే పుట్టి తమిళంలో చదువుకున్నవాళ్ళు కాబట్టి తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. అందుకని తెలుగు పాటలను తమిళ అక్షరాల్లో రాసుకుంటారు. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం, త, ద లకు ఒకటే అక్షరం, ప, బ, భ లకు కూడా ఒకటే. అలవాటు లేని పిల్ల చదివితే ‘గొర్రెపిల్ల’ కాస్తా ‘కొర్రెపిల్ల’ అవుతుంది, ‘దయ’ ‘తయ’ అవుతుంది. యేసును దేవుని గొర్రెపిల్ల అని పిలిచే ఆ మాట క్రైస్తవ విశ్వాసానికి ఎంత కీలకమో తెలిసిన పెద్దలకు అది వింటే ప్రాణం ఉసూరుమంటుంది.

ఆ పెద్దల్లో రైల్వే ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒకాయన ఈమధ్య డ్రమ్ములు మోగుతుండగా లోపలికి వచ్చి, “బాబూ, ఇది ఆరాధనా, రికార్డింగ్ డ్యాన్సా?” అన్నారు. గిటారు కుర్రవాడు మర్యాదగానే, “తాతగారూ, మన గుడికి హార్మోనియం వచ్చినప్పుడు కూడా ఎవరో ఇలాగే అడిగారంట గదండీ” అన్నాడు. ఇద్దరూ నవ్వేశారు, తగవు మాత్రం తెగలేదు. వాయిద్యాల చుట్టూ తిరిగినంత కాలం అది తెగేది కూడా కాదని నా నమ్మకం. కొత్త తరహా క్రైస్తవ గీతాలు మన విశ్వాసాన్ని ఏ మేరకు మార్చాయో తెలియాలంటే గిటారునూ మృదంగాన్నీ పక్కన పెట్టి, పాటలో మాట్లాడేది ఎవరు, ఎవరితో మాట్లాడుతున్నారు, పాట మొదలు నుంచి చివరి వరకు అసలు ఏం జరుగుతుంది అని అడగాలి. సిద్ధాంతం మారకుండానే పాట రూపం మారవచ్చు. రూపం మారితే, మనం దేవుడితో అనగలిగే మాటలు కూడా మనకు తెలియకుండానే మారిపోతాయి.

ఇంగ్లీషు ప్రపంచంలో ఈ సంగీతానికి రెండు పాయలున్నాయి. ఒకటి వినడానికి చేసింది: రేడియోలో వచ్చేది, కచేరీల్లో పాడేది. రెండోది సంఘం అంతా కలిసి పాడుకోవడానికి చేసింది. రెండింటి మూలమూ 1960ల చివర కాలిఫోర్నియాలో హిప్పీ యువకుల మధ్య లేచిన ‘జీసస్ మూవ్‌మెంట్’లోనే ఉంది. 1969లో లారీ నార్మన్ యేసు గురించి పూర్తి రాక్ ఆల్బం చేశాడు. కోస్టా మెసా ఊళ్ళో చక్ స్మిత్ నడిపిన కాల్వరీ చాపెల్ ఆ పొడుగు జుట్టు కుర్రవాళ్ళను గిటార్లతో సహా గుడిలోకి రానిచ్చి, 1971లో వారి పాటల కోసం మారనాథా మ్యూజిక్ అనే సంస్థను పెట్టింది. ఆ తర్వాత మొదటి పాయ పెద్ద వ్యాపారంగా ఎదిగింది. 1991లో ఏమీ గ్రాంట్ పాడిన ఒక ప్రేమగీతం అమెరికా బిల్‌బోర్డు పట్టికలో మొదటి స్థానానికి చేరినప్పుడు, అందులో దేవుడి పేరే లేదని క్రైస్తవ శ్రోతల్లో కొందరు నొచ్చుకున్నారు. రెండో పాయ ఆస్ట్రేలియాలోని సిడ్నీలో 1983లో మొదలైన హిల్‌సాంగ్ వంటి పెద్ద సంఘాల ద్వారా ప్రపంచమంతటా పాకింది. 1990ల చివరికి రెండు పాయలూ కలిసిపోయాయి. సంఘం పాడే పాటే రికార్డయి అమ్ముడుపోయేది, అమ్ముడుపోయిన పాటనే మరునాడు సంఘాలు పాడేవి.

ఆ కలయికలోని చిక్కు ఒక ఉదంతంలో బాగా కనిపిస్తుంది. ఇంగ్లండులోని వాట్‌ఫర్డ్‌లో సోల్ సర్వైవర్ అనే సంఘం సంగీతానికి పేరుపడింది. జనం పాటల రుచికి వస్తున్నారా, దేవుని కోసం వస్తున్నారా అన్న సందేహం కలిగిన ఆ సంఘ కాపరి (పాస్టరు), 1990ల చివర కొంతకాలం పాటు బ్యాండునూ సౌండ్ సిస్టమునూ పూర్తిగా ఆపేశాడు. జనం ఉత్త గొంతులతో పాడారు, కొన్నిసార్లు ఊరకే కూర్చున్నారు. ఆ రోజుల అనుభవం నుంచి, అక్కడ పాటలు పాడించే మ్యాట్ రెడ్‌మన్ ఒక పాట రాశాడు. సంగీతమంతా తొలగిపోయినప్పుడు మిగిలే ఆరాధన గురించి రాసిన ఆ పాటే ప్రపంచవ్యాప్తంగా పెద్ద హిట్టయి, బ్యాండులతో, సౌండ్ సిస్టములతో, లెక్కలేనన్ని రికార్డింగులతో మోగింది. దీన్ని ఎగతాళికి చెప్పడం లేదు. పాట ద్వారానే పాటను ప్రశ్నించవలసి రావడం ఈ సంప్రదాయం మొదటి నుంచీ మోస్తున్న బరువు. నాలుగో శతాబ్దం చివర తన ఆత్మకథ రాసిన క్రైస్తవ గురువు అగస్టీన్, పాటలోని అర్థం కంటే పాడిన తీరే తన మనసును ఎక్కువగా కదిలిస్తే తాను తప్పు చేసినట్టే అనుకుంటానని ఒప్పుకున్నాడు. అయినా పాట వద్దని అనలేకపోయాడు.

ఇక పాటలో మాట్లాడే గొంతు సంగతి. కొత్త ఇంగ్లీషు పాటల్లో చాలావరకు ‘నేను’ మాట్లాడతాను, ‘నీవు’ వింటావు. పాట పొడుగునా ఆ ‘నీవు’ ఎవరో పేరు పెట్టి చెప్పకపోయినా నడుస్తుంది. 2018లో లారెన్ డైగల్ పాడిన ఒక పాట క్రైస్తవ పట్టికలో నూరు వారాలకు పైగా మొదటి స్థానంలో ఉండి, మామూలు పాప్ శ్రోతలకు కూడా చేరడానికి ఆ ‘నీవు’ విప్పి చెప్పని ‘నీవు’ కావడం ఒక కారణం. వినేవాడు అందులో దేవుణ్ణి పెట్టుకోవచ్చు, ప్రియురాలిని పెట్టుకోవచ్చు, తల్లిని పెట్టుకోవచ్చు. కాగితం మీద పెద్ద అక్షరంతో మొదలుపెడితే అది దేవుడని ఇంగ్లీషు పాఠకుడికి తెలుస్తుంది, చెవికి ఆ తేడా తెలియదు.

తెలుగులో ఈ దాగుడుమూత దాదాపు కనిపించదు. మన కొత్త పాటల్లో పల్లవి ముగిసేలోపే ‘యేసయ్యా’ అన్న పిలుపు వచ్చి తీరుతుంది. దీనికి నాకు రెండు కారణాలు తోస్తాయి. ఒకటి సామాజికమైనది. క్రైస్తవులు కొద్దిమందిగా ఉన్న చోట పేరు పలకడమే ఒక సాక్ష్యం. పైగా పేరు దాచుకుని ప్రవేశించడానికి మనకు వేరే పాప్ బజారు లేదు, సినిమా పాటే మన పాప్. రెండోది కేవలం ధ్వనికి సంబంధించింది. పాప్ పాటలో ఎత్తయిన స్వరం వాక్యం చివర పడుతుంది, దాన్ని సాగదీసి నిలబెట్టాలి. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి గానీ అది తరచుగా ‘ఉ’ వంటి పొట్టి అచ్చు, దాన్ని నాలుగు మాత్రలు సాగదీస్తే అసహ్యంగా ఉంటుంది. ‘యేసయ్యా’, ‘దేవా’, ‘ప్రభువా’ వంటి సంబోధనలకు చివర చక్కని దీర్ఘం ఉంది. అందుచేత రాసేవాడు ఎత్తయిన స్వరం దగ్గరికి రాగానే సహజంగానే దేవుణ్ణి పిలుస్తాడు. పాట మొత్తానికి పిలుపే శిఖరం కావడం వెనుక భక్తి ఎంత ఉందో మన భాషలోని దీర్ఘాచ్చుకూ అంత పాలుంది.

చెన్నైలో ఉన్నందువల్ల నాకు తెలిసిన ఇంకో సూక్ష్మం ఉంది. తమిళంలో ఎదుటివారిని పిలవడానికి మూడు మెట్లున్నాయి: ‘నీ’, ‘నీర్’, ‘నీంగళ్’. నడిమి మెట్టయిన ‘నీర్’ ఇప్పటి వాడుక మాటల్లో బాగా తగ్గిపోయినా తమిళ బైబిలులో, ప్రార్థనలో, పాటల్లో దేవుడి కోసం నిలిచి ఉంది. చనువూ గౌరవమూ రెండూ కలిసిన పిలుపు అది. తమిళ క్రైస్తవ గీతాలు, ముఖ్యంగా ఫాదర్ బెర్క్‌మన్స్ వరుసగా వెలువరించిన పాటల వంటివి, ఇక్కడి తెలుగు సంఘాల్లో తెలుగై పాడబడుతుంటాయి. అలా దాటేటప్పుడు, ‘నీర్’కు ద్వితీయా విభక్తి రూపమైన ‘ఉమ్మై’ అన్నది ‘నిన్ను’ అయిపోతుంది. మనకు ‘నీవు’, ‘మీరు’ తప్ప నడిమి మెట్టు లేదు. ‘మిమ్మల్ని’ అంటే ఆఫీసరుకు అర్జీ పెట్టుకున్నట్టు ఉంటుంది. కనుక అదే పాట తెలుగులో ఒక మెట్టు చనువుగా వినిపిస్తుంది. ఆ చనువు మనకు కొత్త కాదు. అన్నమయ్య వేంకటేశ్వరుణ్ణి, రామదాసు రాముణ్ణి ‘నీవు’ అనే పిలిచారు. తగ్గిన గౌరవాన్ని ‘యేసయ్య’లోని ‘అయ్య’ కొంత పూడుస్తుందని మాత్రం అనిపిస్తుంది.

దేవుణ్ణి ప్రియుడిగా సంబోధించే పాటలను పాశ్చాత్య విమర్శకులు బాగా వెక్కిరించారు. పేరు తీసేస్తే అది ప్రియుడికి రాసిన ఉత్తరమేనని వారి ఆక్షేపణ. తెలుగువాడి చెవికి ఆ ఆక్షేపణ అంత బలంగా తగలదు. శృంగార సంకీర్తనలు రాసిన అన్నమయ్యా, పదాలు రాసిన క్షేత్రయ్యా నడిచిన నేలలో నాయిక గొంతుతో దేవుణ్ణి పిలవడం భక్తికి పాత దారి. బైబిలులోనూ ప్రేమగీతాల పుస్తకమైన పరమగీతం ఉండనే ఉంది. అయితే ఆ పాత దారిలో నాయిక ఊరికే మురిసిపోదు. అలుగుతుంది, విరహంతో వేగుతుంది, రాలేదేమని నిలదీస్తుంది. చెరసాలలో పడ్డ రామదాసు, చేయించిన నగల లెక్కలు ఒక్కొక్కటిగా ఏకరువు పెట్టి రాముణ్ణే దబాయించాడు. నిందాస్తుతి అని దానికి ఒక పేరు కూడా పెట్టుకున్నాం. కొత్త పాటల్లో ప్రేమ ఉంది గానీ అలక లేదు, మురిపెం ఉంది గానీ నిలదీత లేదు. నాకు కొరతగా తోచేది అది. ప్రేమ ఎక్కువైందన్న పాశ్చాత్యుల ఫిర్యాదుతో నాకు పేచీ ఉంది. ప్రేమ సగమే వచ్చిందని నా ఫిర్యాదు.

ఇంతకూ ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అనే పుస్తకంలోని పాత పాటలు ఏం చేసేవి? బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవం స్వీకరించిన పురుషోత్తమ చౌధరి (1803–1890) వంటివారు నాటి జనానికి తెలిసిన కీర్తన రూపాన్నే తీసుకున్నారు. ఆ పుస్తకంలో పాట పైన రాగమూ తాళమూ అచ్చువేసి ఉంటాయి, కింద పల్లవి, చరణాలు, వాటిలో యతిప్రాసలు. అంటే అది కూడా ఒకప్పుడు బయటి నుంచి గుడిలోకి తెచ్చుకున్న రూపమే. ఇంగ్లండులో 1707లో ఐజాక్ వాట్స్ బైబిలు కీర్తనల అనువాదాలతో సరిపెట్టుకోకుండా సొంత మాటలతో పాటలు అచ్చువేసినప్పుడు సైతం మనుషులు అల్లిన మాటలు ఆరాధనలో ఎందుకని అడిగినవారున్నారు. కాబట్టి పాతది పవిత్రం, కొత్తది లౌకికం అన్న వాదం చరిత్ర ముందు నిలవదు.

నిలిచే తేడా వేరే ఉంది. కీర్తన తరచుగా మనసును సంబోధిస్తుంది: ఓ మనసా, ఇది విను, ఇది తలచుకో అని. త్యాగరాజు దగ్గర కూడా కనిపించే పద్ధతి ఇది. పాడేవాడు తనకు తానే బోధించుకుంటాడు, పక్కవాడు వింటాడు. చరణం చరణానికీ కథ ముందుకు సాగుతుంది. మొదటి చరణంలో పశువుల తొట్టి ఉంటే చివరి చరణానికి సిలువ దాటి పునరుత్థానం వరకు వెళ్తాం. చదువు రాని కూలిజనానికి ఆ పాటే బైబిలు పాఠం. కొత్త పాటలో చరణాలు రెండుకు తగ్గాయి, వాటి తర్వాత ‘బ్రిడ్జి’ అనే కొత్త భాగం వచ్చింది. ఒక చిన్న వాక్యాన్ని ఆరుసార్లో ఎనిమిదిసార్లో తిప్పి పాడతారు. మొదటిసారి కీబోర్డు ప్యాడ్ ఒక్కటే వినిపిస్తుంది, రెండోసారి గిటారు చేరుతుంది, నాలుగోసారికి డ్రమ్ములు లేస్తాయి, ఎనిమిదోసారికి గాయకుడు ఒక స్థాయి పైకి దూకుతాడు. ఉన్నట్టుండి అన్నీ ఆగిపోయి జనం గొంతులు మాత్రమే మిగులుతాయి. కీర్తనలో కథ నడుస్తుంది, బ్రిడ్జిలో ధ్వని పెరుగుతుంది. ఒకే మాటను తిప్పి పాడడం తప్పని నేను అనను. మన భజనలో కాలం పెంచుతూ పాడేదీ, సంగతులు వేస్తూ ఒకే పాదాన్ని పదేపదే అనేదీ అదే. కానీ భజన పక్కన మనకు హరికథ ఉండేది. ఒక గంట ఆరాధనలో ఐదు పాటలూ బ్రిడ్జి దగ్గరికే పరుగెడితే, యేసు ఏం చేశాడో పాట ద్వారా తెలుసుకునే దారి మూసుకుపోతుంది.

పాత కీర్తనల్లో ఏవి కొత్త వేషంలో బతుకుతాయో కూడా కీబోర్డే తేలుస్తోంది. శంకరాభరణం పాశ్చాత్యుల మేజరు స్కేలుతోనూ కీరవాణి హార్మోనిక్ మైనరుతోనూ సరిపోతాయి. మోహన ఐదు స్వరాలు మేజరు లోపలే ఇముడుతాయి. వాటికి నాలుగు కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) తగిలించడం తేలిక. ముఖారి, ఆనందభైరవి వంటివి గమకం మీద బతికే రాగాలు. స్వరం అక్కడ ఒక చోట నిలబడదు, ఊగుతుంది, జారుతుంది. దాని కింద స్థిరమైన కార్డు పెడితే రెండూ పొట్లాడుకుంటాయి. అందుచేత యువకులు తిరిగి రికార్డు చేసే పాత పాటల్లో మేజరు వాసన ఉన్నవే ఎక్కువ. శోకానికి పనికివచ్చే రాగాలు నిశ్శబ్దంగా వెనకబడుతున్నాయి. ఎవరూ కూర్చుని నిర్ణయించింది కాదు ఇది.

ఇక్కడ కీర్తన వైపు వారు మరచిపోయే ఒక సంగతి చెప్పాలి. రాగతాళాల కీర్తన తనతో పాటు ఒక తారతమ్యాన్ని కూడా మోసుకొచ్చింది. ఉత్తర చెన్నైలోని వ్యాసర్పాడి, పుళియంతోపు వైపు పారిశుద్ధ్య పనివారిగా తరతరాలుగా బతుకుతున్న తెలుగు కుటుంబాల్లో డప్పు ఉంది, జానపదం ఉంది. వాటికి చాలాకాలం గుడిలో చోటు లేదు. ‘శాస్త్రీయం’ రాకపోవడమే ఒక తక్కువతనంగా ఉండేది. గిటారుకూ కీబోర్డుకూ ఈ నేల మీద కులం అంటుకోలేదు. యూట్యూబులో చూసి నేర్చుకునే పిల్లవాడిని నీ గురువెవరు, నీదే వీధి అని ఎవరూ అడగరు. ఆ కాలనీల నుంచి వచ్చిన పిల్లలు వేదిక మీద నిలబడి సంఘం మొత్తాన్ని పాడించడం ఈ సంగీతం వల్ల సాధ్యమైంది. సంగీతపరంగా నాకు ఎన్ని సణుగుళ్ళున్నా ఈ ఒక్క మాట దగ్గర నేను కొత్త పాట పక్షమే.

చెన్నైకి ఈ కథలో సొంత పాత్ర ఉంది. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టిన భక్త సింగ్ 1941లో ఇక్కడే, అప్పటి మద్రాసులో, ‘యెహోవా షమ్మా’ అనే సహవాసాన్ని ప్రారంభించాడు. ఆ ఒరవడిలో నడిచిన తెలుగు సంఘాలు ఆడంబరం లేని ‘సీయోను గీతాల’తో పెరిగాయి. మరోవైపు తెలుగు సినిమా ఈ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ కోడంబాకం స్టూడియోల్లోనే క్రైస్తవ పాటలు కూడా రికార్డయ్యేవి. వాయించేది సినిమా వాద్యబృందం, పాడేది సినిమా గాయకులు. గుడిలో స్టాఫ్ నొటేషను (పాశ్చాత్య స్వరలిపి) నేర్చుకున్న వయొలిన్ కళాకారులు సినిమాకు పనిచేసేవారు, సినిమా స్వరాలు తిరిగి గుడికి వచ్చేవి. 1978లో వచ్చిన ‘కరుణామయుడు’ చిత్రం కోసం మోదుకూరి జాన్సన్ రాసిన పాటను గుడ్ ఫ్రైడే నాడు ఇప్పటికీ ఎన్నో సంఘాల్లో పాడతారు, అది సినిమా పాట అన్న ధ్యాస కూడా ఎవరికీ ఉండదు. కాబట్టి తెలుగు క్రైస్తవ పాప్ అమెరికా నుంచి నేరుగా ఊడిపడలేదు. దానికి కోడంబాకం ఒక తల్లి, తమిళ పాట ఒక మేనత్త, హిల్‌సాంగ్ చివరగా వచ్చిన చుట్టం.

ఆ చుట్టం మాటలను తెలుగు చేయడం ఎంత కష్టమో సాధనలో తెలుస్తుంది. ఇంగ్లీషులో ‘యు ఆర్ గుడ్’ మూడు అక్షరాల్లో ముగుస్తుంది. ‘నీవు మంచివాడవు’ అంటే ఏడు. బాణీ మారదు కనుక అనువాదకుడు ఏదో ఒకటి వదిలేయాలి. ఎక్కువగా వదిలేది కారణాన్ని: ఎందుకు మంచివాడవు, ఏం చేసినందుకు అన్నది. మిగిలేది విశేషణమూ పిలుపూ. ఇంగ్లీషులో కాస్త పలుచగా ఉన్న పాట తెలుగులోకి వచ్చేసరికి మజ్జిగలో నీళ్ళు పోసినట్టవడానికి అనువాదకుడి చేతకానితనం కంటే ఈ లెక్కే కారణం.

డబ్బు లెక్క కూడా చూడాలి. 1988లో అమెరికాలో సీసీఎల్ఐ అనే లైసెన్సు సంస్థ ఏర్పడింది. సంఘం తన జనసంఖ్యను బట్టి ఏడాదికి రుసుము కడుతుంది, ఏ పాటలు పాడిందో తెలియజేస్తుంది, ఆ లెక్క ప్రకారం రచయితలకు వాటా అందుతుంది. న్యాయమైన ఏర్పాటే. కానీ ఆ లెక్కల నుంచి ‘ఎక్కువగా పాడే పాటల’ పట్టిక పుడుతుంది, పట్టిక చూసి మిగతా సంఘాలు పాటలు ఎంచుకుంటాయి. 2010–2020 మధ్య అలాంటి పట్టికల పైభాగానికి చేరిన 38 కొత్త పాటలను కొందరు పరిశోధకులు గాలిస్తే 36 పాటలకు నాలుగు పెద్ద సంఘాలతోనో వాటి సంగీత బృందాలతోనో సంబంధం ఉందని తేలింది. ప్రపంచమంతా పాడే ప్రార్థన నాలుగు వేదికల మీద తయారవుతోందన్నమాట. రేడియో సంగతి మరీ స్పష్టం. అక్కడి క్రైస్తవ రేడియో రంగం చాలాకాలం ‘బెకీ’ అని ముద్దుపేరు పెట్టుకున్న ఒక ఊహాశ్రోత కోసం పాటలు ఎంచుకుంది: పిల్లల్ని బడికి కారులో దింపే మధ్యతరగతి తల్లి. ఆమెకు ఊరటనిచ్చే, పిల్లల ముందు ఇబ్బంది పెట్టని పాటలే కావాలి. వ్యాసర్పాడి వీధిలో మన పిల్ల ఇయర్‌ఫోన్లలో విని నేర్చుకుంటున్న భావాలకు తొలి కొలత తీసినప్పుడు దర్జీ ముందు నిలబడింది ఆ బెకీ.

మన దగ్గర రేడియో స్థానంలో యూట్యూబు ఉంది, బెకీ స్థానంలో నూతన సంవత్సరం ఉంది. డిసెంబరు 31 రాత్రి ఆరాధన, కొత్త ఏడాదికి ఒక వాగ్దాన వాక్యం తెలుగు సంఘాల్లో గట్టిగా పాతుకుపోయిన ఆచారాలు. గుంటూరు కేంద్రంగా ఉన్న హోసన్నా మినిస్ట్రీస్ వంటివి ఏటా కొత్త పాటల ఆల్బం తెస్తాయి, సంఘాలు దాని కోసం ఎదురుచూస్తాయి. కొత్త ఏడాది గుమ్మం మీద పాడే పాట సహజంగానే ఆశీర్వాదం గురించీ, దాటబోయే కష్టాల గురించీ మాట్లాడుతుంది. పంచాంగ శ్రవణంలో కందాయ ఫలాలు విన్నప్పటి ఆత్రుత ఇక్కడా ఉంటుందంటే మా సంఘంలో కొందరికి కోపం రావచ్చు, కానీ నాకు అలాగే అనిపిస్తుంది. అందులో తప్పు లేదు. ఆ ఒక్క రాత్రి పాట ఏడాది పొడుగునా మన ఏకైక పాట అయిపోవడమే చిక్కు.

2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపాను ఉత్తర చెన్నైని ముంచెత్తింది. మా వీధుల్లో మోకాళ్ళు దాటి నీళ్ళు నిలిచాయి. తర్వాతి ఆదివారం సంఘానికి వచ్చిన వారిలో బియ్యం, పరుపులు, పిల్లల పుస్తకాలు పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో. సిద్ధం చేసి ఉంచిన పాటల జాబితాలో ఉన్నవన్నీ విజయ గీతాలు. వాటిలో ఒకటి పొంగే నీళ్ళ మీద నడిపించే దేవుడి గురించి. రెండు పాదాలు పాడేసరికి పాడించే అమ్మాయి గొంతు ఆగిపోయింది. కాపరి లేచి బైబిలులోని 69వ కీర్తన చదివారు. నీళ్ళు ప్రాణం మీదికి పొర్లుతున్నాయి, రక్షించమని మొదలవుతుంది అది. చదవడం అయ్యాక పాడడానికి ఆ కీర్తనకు తగిన పాట మా దగ్గర ఒక్కటీ లేదు. కీర్తనల గ్రంథంలోని 150 కీర్తనల్లో మూడో వంతుకు పైగా మొరలే, ఫిర్యాదులే. 13వ కీర్తన ఎంతకాలం అని మళ్ళీ మళ్ళీ అడుగుతుంది. 88వది ఓదార్పు లేకుండా చీకటి అన్న మాట దగ్గరే ముగుస్తుంది. ఇశ్రాయేలీయుల పాటల పుస్తకంలో అంత చోటు దక్కిన దుఃఖానికి మన ప్రొజెక్టరు తెర మీద చోటు లేకపోవడం ఆ ఆదివారమే నాకు కళ్ళకు కట్టింది.

దీనికి మందు పాత కీర్తనలేనని చెప్పేయడం తేలిక, నేనూ కొంతకాలం అలాగే అనుకున్నాను. కిందటి ఏడాది మా సంఘంలో ఒక పెద్దావిడ పోయినప్పుడు రాత్రి షామియానా కింద కూర్చున్నాం. కీబోర్డు లేదు, మైకు లేదు. ఒక ముసలాయన మరణాన్ని గురించిన మంచి కీర్తన ఎత్తుకున్నారు. మొదటి చరణానికి నలుగురు కలిశారు, రెండో చరణానికి ఇద్దరే మిగిలారు, మూడోది ఆయన ఒక్కరే పాడి ముగించారు. మాటలు ఎంతో లోతైనవి, కానీ ఆ షామియానాలో అవి ఎవరి నోటికీ రాలేదు. కొంతసేపటికి పోయినావిడ మనవరాలు, యూట్యూబులో అందరికీ తెలిసిన ఒక కొత్త పాట పల్లవిని చాలా నెమ్మదిగా అందుకుంది. డ్రమ్ములు లేకుండా, బ్రిడ్జి లేకుండా పాడేసరికి అది వేరే పాటలా వినిపించింది. షామియానా కింద ఉన్నవాళ్ళందరూ పాడారు, వంటవాళ్ళతో సహా. జనం నోట నిలవడం అనే పరీక్షలో ఆ రాత్రి కొత్త పాటే గెలిచింది. వాక్యంలో లోతు, జ్ఞాపకంలో చోటు అనే రెండూ ఒకే పాటకు దక్కడం అరుదు.

జనం నోటికి రావడంలో శ్రుతికి కూడా పాత్ర ఉంది. రికార్డింగులో పాడేవాడు తన గొంతు మెరిసే ఎత్తులో పాడతాడు, పిల్లలు యూట్యూబులో ఉన్న స్కేలునే పట్టుకుంటారు. మామూలు మనుషులకు ఆ ఎత్తు అందదు, బ్రిడ్జిలోని స్థాయి దూకుడు అసలే అందదు. అందనివాళ్ళు నోరు మూసుకుని చేతులెత్తి చూస్తూ ఉంటారు. తెర ముందు నిలబడ్డవారిది కచేరీ, కింద ఉన్నవారిది ప్రేక్షకత్వం అయిపోతుంది. రైల్వే పెద్దాయనను బాధపెట్టింది నిజానికి ఇదేనని, డ్రమ్ములు కావని తర్వాత ఆయనతో మాట్లాడినప్పుడు తెలిసింది. “నా పక్కనున్నోడి గొంతు నాకు ఇనపడట్లేదు బాబూ” అన్నారాయన.

ఈమధ్య సాధనలో ఒక పాత కీర్తనను ఎత్తుకున్నాం. యూట్యూబు శ్రుతి కంటే మూడు మెట్లు దించాలని పాడించే అమ్మాయే అంది, ట్రాన్స్‌పోజ్ మీట ఆ పని క్షణంలో చేసింది. పల్లవికి కార్డులు కుదిరాయి, చరణానికి కుదరలేదు. కుర్రవాడు రెండు మూడు వరసలు ప్రయత్నించి విసిగి, చరణం వచ్చినప్పుడల్లా సా, పా రెండు మీటలు మాత్రం నొక్కిపట్టి తంబురాలా ఊరుకుంటానన్నాడు. పెద్దాయన పుస్తకం చేతిలో పెట్టుకుని ఆ చరణంలోని గమకాన్ని నాలుగుసార్లు పాడి చూపించారు, పిల్లలు మూడోసారికే పట్టుకున్నారు. అమ్మాయి నోటుపుస్తకంలోకి తొంగిచూస్తే పాటంతా తమిళ అక్షరాల్లోనే ఉంది. ‘గొర్రెపిల్ల’ దగ్గర మాత్రం మొదటి అక్షరాన్ని కొట్టేసి, ఎవరినో అడిగి నేర్చుకున్నట్టుంది, కాస్త వంకరగా ఒక తెలుగు ‘గొ’ రాసుకుంది.